మలుపులో రాళ్ళు

"మెల్లగా వెళ్ళవే తల్లీ, ఇసుక లారీల వాళ్ళకి కళ్ళుండవు! పొద్దుట్నుంచీ నా కుడికన్ను అదురుతోంది," అని అక్షిత స్కూటీ గేటు దాటకముందే రావమ్మ మొదలుపెట్టింది. ఆ రోజు బందరులో కూతురికి లైసెన్స్ టెస్టు.

వెనక కూర్చున్న తండ్రి గోవర్ధనరావు, "టెస్టు దానికే అయినా, నీ మాటలకి నా కాళ్ళు వణుకుతున్నాయి," అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక రావమ్మకు ఊరికే కూర్చుంటే భయం ఎక్కువైంది. కాలవ గట్టు మలుపులో సగం రోడ్డు మేర ధాన్యం ఆరబోసి, బళ్ళు తొక్కకుండా అంచు వెంట కొబ్బరికాయంత రాళ్ళు పేర్చింది. ఊళ్ళో అందరూ చేసేదే. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది.

మధ్యాహ్నం ఇద్దరూ బండి నెట్టుకుంటూ వచ్చారు. అక్షిత చేతిలో టెస్టు పాసైన కాగితం, మోకాలి మీద రక్తం. గోవర్ధనరావు మోచెయ్యి దోక్కుపోయింది.

"నే చెప్పలా? ఏ లారీవాడే? కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె తిప్పితే డ్రైవింగ్ వచ్చేసినట్టేనా? మీరు వెనక కూర్చుని ఏం చేశారండీ?"

గోవర్ధనరావు కూతురి వంక చూశాడు. కూతురు నేల చూసింది. రావమ్మ మోకాలికి పసుపు అద్దుతూ లారీలనీ బస్సులనీ టెస్టు పెట్టినాయన్నీ వరసగా తిట్టింది. అద్దిన పసుపు ఆరిపోయినా తిట్లు ఆగలేదు.

"ఎవడో చెప్పవే, వాడి ఇంటికెళ్ళి కడిగేస్తాను!"

అక్షిత తలెత్తింది.

"లారీ కాదమ్మా. మలుపులో ఎదురుగా ఆటో వస్తే పక్కకి తప్పుకున్నాను. నువ్వు పెట్టిన రాయి తగిలింది."