పన్నెండు మంది చదివిన ఉత్తరం

1939 సెప్టెంబర్ 6, బుధవారం ఉదయం పది గంటలకు ఛత్రినాకలోని అంధుల సంఘం గది నుంచి పోలీసులు మొహియుద్దీన్‌ను, ఇరవై మూడు ఉత్తరాలను ఠాణాకు తీసుకుపోయారు. జర్మనీతో యుద్ధం మొదలై మూడు రోజులైంది. ఉత్తరాల్లో తొమ్మిది జర్మనీ నుంచి వచ్చినవి. వాటిలో సిరా లేదు. కాగితం మీద ఉబ్బెత్తు చుక్కలున్నాయి.

సంఘంలో పన్నెండు మంది. కుర్చీలకు బెత్తం అల్లుతారు. ఎవరికీ చూపు లేదు. వారు కాక, చూపున్నవాడు కార్యదర్శి కృష్ణయ్య ఒక్కడే. మొహియుద్దీన్ మిషన్ బడిలో ఇంగ్లిషు చుక్కల లిపి నేర్చుకుని మిగతావారికి నేర్పాడు. చదవడానికి పుస్తకాలు లేవు. 1936లో ఆయన విదేశాల్లోని పదకొండు అంధుల సంఘాలకు చుక్కలు పొడిచి ఉత్తరాలు పంపాడు. రెండు జవాబిచ్చాయి. లండన్ వారు పుస్తకాలు పంపారు. జర్మనీలోని డ్రెస్డెన్ వారు కాగితం, చుక్కలు పొడిచే పలకలు పంపారు. వీరు అల్లిక నమూనాలు పంపారు.

ఉత్తరం వస్తే పన్నెండు మందీ వేళ్లతో చదవాలి. అది సంఘం నియమం. డ్రెస్డెన్ చివరి ఉత్తరం ఆగస్టులో వచ్చింది. ముసురు పట్టిన రోజుల్లో అది చేతులు మారింది.

ఆ చుక్కలు రహస్య సంకేతాలని ఠాణా అమీన్, అంటే అక్కడి పోలీసు అధికారి, అనుమానించాడు. చివరి ఉత్తరాన్ని మొహియుద్దీన్‌తో చదివించి, అర్థం రాయించుకున్నాడు. మరునాడు సంఘంలోని ఆయన శిష్యురాలు ఖదీజాను పిలిపించాడు. ఆమె చదివింది దానితో కలిస్తే మొహియుద్దీన్‌ను వదులుతానన్నాడు. కృష్ణయ్య తోడు వెళ్లాడు.

"ఫికర్ చెయ్యకు ఖదీజమ్మా," అన్నాడు ఠాణా మెట్ల దగ్గర. "నువ్వు చదివిన ఖతే గద."

"చదివిన అన్నా. అంతా యాదికుంది."

లోపల అమీన్ కాగితాన్ని ఆమె ముందు పెట్టాడు.

"కండ్లున్న నాకు కనబడనిది నీకు కనబడుతదా?"

"కనబడదు సాబ్. తగుల్తది."

మొదటి పేజీ కలిసింది. రెండో పేజీ మధ్యలో ఆమె వేలు ఆగింది.

"ఏమైంది?"

"ఈడ ఏం లేదు."

"సక్కగ చూడు. మీ ఉస్తాద్ ఈడ ఏడు వరుసలు చదివిండు."

కృష్ణయ్య దగ్గాడు. అమీన్ అతని వైపు చూశాడు. ఖదీజా మళ్లీ వేలు నడిపింది.

"లేదు సాబ్. పన్నెండు మంది తడిమినం. వానలకు కాగితం మెత్తబడ్డది. చుక్కలు అణిగినయ్."

"అణిగినదాన్ని ఆయన ఎట్ల చదివిండు?"

"యాదితోని చెప్పిండు. నాకు గూడ యాదికుంది. రెండు పెట్టెల కాగితం పంపుతమన్నరు..."

"యాదికున్నది నేను అడగలే. ఇద్దరు కూసొని అనుకుంటే యాదికే ఉంటది."

బయటికి వచ్చాక కృష్ణయ్య అన్నాడు: "ఏడు వరుసలు, ఖదీజమ్మా. వేలు ఆపకుంట చెప్తే అయిపోయేది."

"వేలికి తగిలిందే చదువు, యాదికున్నది చదవకు అని బెత్తంతోని కొట్టి నేర్పిండు ఉస్తాద్."

"ఆయనే తప్పిండు గద."

"ఆయన తప్పుతడని నాకెట్ల ఎరుక?"

సెప్టెంబర్ 10న ఖదీజా లండన్ సంఘానికి రాసింది. ఇవి అంధుల అక్షరాలని, మొహియుద్దీన్ తమకు తెలుసని రాసి పంపమని అడిగింది. డిసెంబర్ 11న, అడిగినట్టే రాసిన జవాబు వచ్చింది. యుద్ధకాలపు తనిఖీలో కవరు విప్పి, మళ్లీ అతికించి ఉంది. ఖదీజా ఒక్కసారి చదివి వినిపించింది. మిగతా పది మంది ఆ కాగితాన్ని ముట్టలేదు. కృష్ణయ్య దాన్ని రెండు అట్టల మధ్య పెట్టి ఠాణాలో ఇచ్చి రసీదు తీసుకున్నాడు.

డిసెంబర్ 31 నాటికి మొహియుద్దీన్ ఇంకా జైల్లోనే ఉన్నాడు.