గడ్డం కుట్టు

"తల ఎత్తొద్దు బాబాయ్, కదలకండి!" డాక్టరమ్మ రోగి తలను ఛాతీ మీదికి వంచి పట్టుకుంది. నిన్ననే అతని శ్వాసనాళంలో కేన్సర్ ఉన్న ముక్క తీసేసి, మిగిలిన కొసలు రెండూ కలిపి కుట్టింది. మెడ వెనక్కి వాలితే ఆ అతుకు తెగుతుంది. అందుకే గడ్డాన్ని ఛాతీకి కలిపి కుట్టు వేసింది. ఇప్పుడా కుట్టునే ఎవరో కత్తిరించేశారు.

పక్కనే ఆమె అన్నయ్య నిలబడ్డాడు. అతనూ ఆ ఆసుపత్రిలోనే సర్జన్. ఇంత అరుదైన ఆపరేషన్ తన చేతికెప్పుడూ రాలేదు. "చెల్లెలి దగ్గర ట్యూషన్ చెప్పించుకోండి సార్" అని పొద్దుటినుంచీ అందరూ ఆటపట్టిస్తుంటే కడుపు రగిలిపోతోంది.

"నర్సు పొరపాటై ఉంటుంది" అన్నాడు.

"నేను ముట్టుకోలేదు సార్!" నర్సు ఏడుపు గొంతుతో అంది.

డాక్టరమ్మ సన్నని కెమెరా గొట్టంతో లోపలికి చూసింది. "అతుకు చెక్కుచెదరలేదు అన్నయ్యా!"

అతని మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. దీని చేతిపని అంత గట్టిదా?

ఆపరేషన్ తర్వాత తొలిసారి రోగి గొంతు పెగిలింది. బొంగురుగా ఉన్నా మాట స్పష్టంగానే వచ్చింది.

"నేను నిద్రపోతున్నాననుకున్నారమ్మా. కత్తిరించింది మీ అన్నయ్యగారే."