చెరపని టేపు

1969 వానకాలంలో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంతో బడులు మూతపడ్డాయి. మొయినాబాద్ మిషన్ బడి టీచరు విమలమ్మ చేతులు ముడుచుకొని కూర్చోలేదు. బడి బీరువాలో ఊరికే పడి ఉన్న బ్యాటరీ టేపు రికార్డరును సంచిలో పెట్టుకొని చేవెళ్ళ బస్సెక్కింది. అక్కడ మైకుసెట్ల దుకాణం ముకుందం సేటు ఆమెకు పని నేర్పాడు. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. గది గోడలకు గొంగళ్ళు కట్టాలి. రికార్డరు మీది సౌండు సూది ఎర్రగీత దాటకూడదు, దాటితే సౌండు పగులుతుంది. నెల తిరిగేసరికి ఆమెకు చెయ్యి కుదిరింది.

ఆ రోజుల్లోనే ముడిమ్యాల సుక్కమ్మ కొడుకు పట్నం ఊరేగింపులో తూటా తగిలి చనిపోయాడు. ఆ తల్లి మాట ఊరూరా వినిపించాలని ఉద్యమం వాళ్ళు సేటును అడిగారు. ముకుందం ఆమెను గొంగళ్ళ గదిలో కూర్చోబెట్టి రికార్డు చేశాడు. బయటి చప్పుడు ఒక్కటీ పడలేదు.

విమలమ్మ రెండుసార్లు విన్నది. ఎవరో అప్పజెప్పిన పాఠంలా ఉంది.

"సేటూ, గిది సుక్కమ్మ గొంతు కాదు."

"ఇరవై ఏండ్ల సంది చేస్తున్న గీ పని. నెల రోజులకే నాకు చెప్పేటంతదానివైనవా టీచరమ్మా?"

"నా చెవులకు ఎట్ల వినవడ్డదో గట్లనే చెప్పిన."

మర్నాడు ఆమె ముడిమ్యాలకు పోయింది. జొన్నచేలో కలుపు తీస్తున్న సుక్కమ్మను అడిగి, మైకు గట్టు మీద పెట్టింది. పడుతున్న చప్పుడు వింటూ, మైకును రెండడుగులు వెనక్కి జరిపింది. కొడవళ్ళ గీరుడు, గాలి, తోటి ఆడవాళ్ళ దగ్గు, అన్నీ పడుతున్నాయి. పడనీ అనుకుంది. సుక్కమ్మ పని చేస్తూనే కొడుకు ముచ్చట మొదలుపెట్టింది. చెప్పి చెప్పి, ఉన్నట్టుండి లేచి నిలబడి అరిచింది.

"నా కొడుకు ఏం తప్పు జేసిండు?"

సూది ఎర్రగీతలోకి దూకింది. విమలమ్మ చెయ్యి సౌండు తగ్గించే మీట దాకా పోయి ఆగిపోయింది.

"ఇది అందరికీ వినిపియ్యాల్నా అవ్వా?" అని తర్వాత అడిగింది.

"వినిపియ్యి బిడ్డా. గా గొంగళ్ళల్ల నాకు ఊపిరే ఆడలే."

ముకుందం ఆ టేపు విని మండిపడ్డాడు. "అరుపు కాడ సౌండు పగిలింది. చెరిపెయ్యి. లేకుంటే నా కాడ నేర్చుకున్ననని ఎవ్వరికీ చెప్పకు."

"మైకు పట్టుడు మీరే నేర్పిన్రని చెప్త సేటూ. గని చెరప."

అతను లౌడుస్పీకరు ఇయ్యనన్నాడు. విమలమ్మ చర్చి పెద్ద స్వామిదాసును ఒప్పించి, చర్చి స్పీకరు తెచ్చి మొయినాబాద్ బజారులో పెట్టింది. సుక్కమ్మ అరుపు వినగానే తక్కెడ పట్టుకున్న చేతులు ఆగిపోయాయి. బస్సు దిగినవాళ్ళు కదల్లేదు. ఒక ముసలామె రోడ్డు మీదనే కూలబడి ఏడ్చింది. కనకమామిడి వాళ్ళు సాయంత్రం తమ ఊళ్ళో వినిపించమన్నారు.

చేవెళ్ళ నుంచి వచ్చి, గుంపు వెనక నిలబడి విన్న ముకుందం దగ్గరికొచ్చాడు. కళ్ళు ఎర్రబడ్డాయి, పట్టు మాత్రం సడలలేదు.

"కనకమామిడిలనన్న గా అరుపు కాడ జర తగ్గించు టీచరమ్మా."

"గక్కడ గూడ తగ్గియ్య సేటూ."

రికార్డరును సంచిలో సర్దుకొని, స్పీకరు ఎత్తుకొని, విమలమ్మ కనకమామిడి బాట పట్టింది.