వెనక ఇరుసులో మొహమాటం

మునిసామి ఇంటికి వెళ్ళే దారిని దారి అనడమే దానికి పెద్ద మర్యాద. మెరిట్ ఊరు దాటాక హైవే దిగి, దుంగల లారీల కోసం ఎప్పుడో వేసి వదిలేసిన మట్టిరోడ్డు పట్టుకుని కొండెక్కాలి. ఎండాకాలం దుమ్ము, చలికాలం మంచు, ఆ రెంటికీ మధ్య బురద. ఆ పైన చెక్క ఇల్లు, అందులో మునిసామి, ఆయన భార్య కాంతి. ఆయన ఫిజీకి వలసవెళ్ళిన తెలుగువాళ్ళింట పుట్టినవాడు. కుర్రతనంలో ఈ కెనడా దేశం వచ్చి, రంపపు మిల్లులో ఒళ్ళు హూనం చేసుకుని, రిటైరయ్యాక మనుషుల గోల వద్దంటూ వెళ్ళి ఆ కొండమీద కూర్చున్నాడు. ఇప్పుడు క్యాన్సరు ఎముకల్లోకి పాకింది. ఆస్పత్రికి రాను, నా మంచం మీదే పోతానని పట్టుబట్టాడు. డాక్టర్లు సరేనన్నారు గానీ ఒక షరతు పెట్టారు. హోమ్ కేర్ నర్సు కొండెక్కగలిగినంత కాలమే అక్కడ ఉండొచ్చు. ఆమె ఎక్కలేకపోతే ఆయన దిగాల్సిందే.

ఆ నర్సు నీరజ. ఒంగోలు పిల్ల. భర్త తారక్ గనిలో ఇంజనీరు, షిఫ్టులమీద వారాలకి వారాలు అక్కడే ఉంటాడు. ఈమె వారానికి మూడుసార్లు తన పాత జపాన్ జీపులో కొండెక్కి, మునిసామి నడుం దగ్గర పెట్టిన నొప్పి మందు పంపు చూసి, మందు నింపి దిగుతుంది. మొదటిరోజు ఆమె నోట తెలుగు విని ఆ పెద్దాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాన్నమ్మ పోయాక తనతో తెలుగు మాట్లాడిన మనిషి లేదట. కాంతికి హిందీయే వచ్చు. ఆ రోజునుంచీ నీరజకి ఆయన బాబాయ్ అయిపోయాడు.

"సున్నా నుంచి పది దాకా, నొప్పి ఎంతుంది బాబాయ్?" అని వెళ్ళిన ప్రతిసారీ అడుగుతుంది. అది ఉద్యోగధర్మం.

"రెండమ్మా," అంటాడు మునిసామి. ఎప్పుడడిగినా రెండే. దుప్పటి అంచు పట్టుకున్న వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉంటాయి, దవడ బిగుసుకుని ఉంటుంది, నోరు మాత్రం రెండంటుంది. నీరజకి అనుమానం లేక కాదు. కానీ రోగి చెప్పిన అంకెని కాదని మందు పెంచితే ఎలా? ఒకసారి విడమరచి చెప్పింది కూడా: "ఎక్కువుంటే చెప్పు బాబాయ్, మందు పెంచుతాం. పెంచితే కొన్నాళ్ళు నేను రోజూ వచ్చి చూడాలి, అంతే." ఆయన తల ఊపి, "రెండే," అన్నాడు. ఆమె బయల్దేరేటప్పుడు కూడా రోజూ ఒకటే పాట: "మంచు పడితే రాకమ్మా. నాకేం పర్లేదు."

నవంబరులో మొదటి పెద్ద మంచు పడింది. కొండ సగంలో, వాగు పక్కన ఒక మలుపుంది. అక్కడ వాన నీళ్ళు దారికి అడ్డంగా గండి కొట్టేశాయి. జీపు ఆ గండి దాటుతుంటే వెనక చక్రం ఒకటి గాల్లోకి లేస్తుంది. లేచిన చక్రం గిర్రుమని తిరుగుతుంది, నేలమీదున్నది మాత్రం ఉలకదు పలకదు. ఆ రోజు నీరజ పారతో మంచు తవ్వి బయటపడేసరికి చేతులు కొయ్యలైపోయాయి.

తప్పు జీపుది కాదు, డిఫరెన్షియల్‌ది. వెనక ఇరుసు నడుమ ఇనప గుమ్మడికాయలా ఉబ్బి ఉంటుందే, అది. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ తిరగాలి, లోపలిది తక్కువ తిరగాలి. ఆ పంపకం దాని పని. మంచిదే. కానీ దానికో వెర్రి గుణముంది. పట్టు దొరకని చక్రానికే ఇంజను సత్తువంతా ధారపోస్తుంది. కొన్ని ఇళ్ళల్లో పనికిమాలిన కొడుక్కే మీగడ పెడతారు చూడండి, అలాగ.

మర్నాడు మెరిట్‌లో షనీల్ అనే మెకానిక్ షెడ్డుకి వెళ్ళింది. వెంట మావయ్యగారు కూడా బయల్దేరారు. ఆయన పేరు అమరేశ్వరరావు, తారక్‌కి మేనమామ. హామిల్టన్‌లో ఉక్కు కర్మాగారంలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయాక ఒంటరిగా ఉండలేక, చలికాలమంతా మేనల్లుడింట్లో గడుపుదామని వచ్చారు. మనిషి వెన్న. మాట మాత్రం తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం.

షనీల్ మూడు దారులు చెప్పాడు. ఒకటి లిమిటెడ్ స్లిప్: ఒక చక్రం జారుతుంటే రెండోదానికి కొంత బలం మళ్ళిస్తుంది, మంచురోడ్డు మీద నెమ్మదస్తురాలు, కానీ చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే దానికీ దిక్కు తోచదు. రెండోది ఆటోమేటిక్ లాకర్: యాక్సిలరేటర్ తొక్కితే చాలు, రెండు చక్రాల్నీ కలిపి కట్టేస్తుంది. మూడోది స్విచ్చు లాకర్: మామూలప్పుడు మామూలు డిఫరెన్షియలే, గండి దగ్గర స్విచ్చు నొక్కితే రెండు చక్రాలూ ఒకటై తిరుగుతాయి, దాటాక తీసేయొచ్చు.

నీరజకి ఆ క్షణంలోనే తెలిసిపోయింది, తనకి కావలసింది మూడోదని. అలాంటి కొండదారుల్లో రెండు చలికాలాలు నడిపిన మనిషి. గండి దగ్గర కట్టెయ్యాలి, ఆ వెంటనే వచ్చే మలుపులో వదిలెయ్యాలి. ఆ మలుపు వాగువైపుకి వాలి ఉంటుంది. ఐసు మీద రెండు చక్రాలూ కలిసి తిరిగితే రెండూ కలిసే జారతాయి. విడివిడిగా ఉంటే ఒకటి జారినా రెండోది బండి తోకని పట్టుకుంటుంది. అంతా బుర్రలో ఉంది. నోటిదాకా వచ్చింది కూడా.

"స్విచ్చా?" అన్నారు మావయ్యగారు. "కంగారులో ఆడపిల్ల స్విచ్చులు వెతుక్కుంటుందా? ఆటోమేటిక్ పెట్టండి. నొక్కేదీ లేదు, మర్చిపోయేదీ లేదు. నీరజా, ఇది నీ పుట్టినరోజుకి నా బహుమతి. మాట్లాడావంటే నామీదొట్టే!"

అంత ముద్దుగా అన్న మనిషికి వద్దని ఎలా చెప్పడం? భార్య పోయాక ఆయన ముఖంలో అంత వెలుగు చూడటం అదే మొదటిసారి. పైగా పెద్దాయన. నీరజ "మీ ఇష్టం మావయ్యగారూ," అంది, కుక్కిన పేనులా ఊరుకుంది. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని మనవాళ్ళు ఊరికే అనలేదు. నర్సయ్యుండి ఆ సామెత గుర్తు రాకపోవడమే విడ్డూరం!

డిసెంబరంతా ఆ లాకర్ దుమ్ము దులిపేసింది. మోకాలిలోతు మంచులో జీపు దున్నపోతులా ఎక్కేది. గండి దగ్గర ఆగను కూడా ఆగలేదు. మావయ్యగారు ఫోన్లో హామిల్టన్ వాళ్ళందరికీ ఆ కథే. నీరజ కూడా, పోనీలే, నేనే ఎక్కువ ఆలోచించానేమో అనుకుంది.

జనవరిలో ఎండ కాసింది. మంచు పైపైన కరిగి, మర్నాటికి గడ్డకట్టి దారంతా అద్దమైంది. చక్రాలకి కట్టే గొలుసులు వెనక సీట్లోనే ఉన్నాయి. గండి దాటాక కడదాంలే అనుకుంది; అదొక తప్పు. గండి దాటింది. మలుపులోకి వచ్చింది. యాక్సిలరేటర్ మీంచి కాలు కొంచెం ఎత్తింది. వెనకనుంచి టక్కుమని లాకర్ విడిచి మళ్ళీ పట్టుకుంది. అంతే, రెండు చక్రాలూ ఒక్కసారే పట్టు వదిలేశాయి. బండి తోక తీరిగ్గా, ఏ తొందరా లేకుండా వాగువైపుకి జరగడం మొదలెట్టింది. స్టీరింగ్ తిప్పినా లాభం లేదు, బ్రేకు తొక్కినా లాభం లేదు. అంచున ఒక పైన్ మొద్దుకి వెనక తలుపు ఆని, జీపు ఆగిపోయింది.

ఆగిన మాట నమ్మడానికి నీరజకి కాసేపు పట్టింది. తర్వాత పైవైపు తలుపు తీసుకుని దిగి, బూట్లకి ఇనప మేకుల పట్టీలు తగిలించుకుని, మందుల సంచీ భుజానేసుకుని మిగతా కొండ నడిచే ఎక్కింది.

మునిసామి మంచం కిటికీ పక్కనే ఉంటుంది. ఆమె నడిచి రావడం చూశాడు. లోపలికొచ్చాక జీపు ఎక్కడ ఆగిపోయిందో చెప్పించుకున్నాడు.

"నన్ను కిందకి దింపెయ్యండమ్మా," అన్నాడు. "నాకోసం నువ్వు పోతావా ఏంటి?"

"నొప్పి ఎంత బాబాయ్?"

"రెండు."

ఈసారి ఆ అంకె వింటుంటే నీరజకి ఒళ్ళు మండింది. ఆయనమీద కాదు. తనమీద.

జరిగింది ఆఫీసులో చెప్పింది. చెప్పాలి, అది రూలు. సూపర్‌వైజరు చెడ్డ మనిషి కాదు. "ఇంకొక్కసారి ఇలా జరిగితే పేషెంటుని కామ్‌లూప్స్ ఆస్పత్రికి తీసుకొచ్చేస్తాం నీరజా. నీ ప్రాణం పణంగా పెట్టి ఆయన్ని ఇంట్లో ఉంచలేను," అంది. అన్నది న్యాయమే. కానీ కామ్‌లూప్స్ గదిలో మునిసామి ఎవరితో తెలుగు మాట్లాడతాడు? ఏ కిటికీలోంచి తన కొండ చూసుకుంటాడు?

ట్రక్కువాళ్ళు జీపుని లాగి తెచ్చాక, ఆదివారం మధ్యాహ్నం నీరజ మావయ్యగారి దగ్గరికి వచ్చి, "కోటేసుకోండి, ఒకచోటికి వెళ్దాం," అంది. ఊరవతల గుర్రాల పోటీల మైదానం ఉంది. చలికాలం మూసేస్తారు. ఖాళీ పార్కింగ్ అంతా ఐసు, చుట్టూ మెత్తటి మంచు గట్లు. గుద్దుకోడానికి ఏమీ లేదు.

"గట్టిగా పట్టుకోండి," అని చెప్పి నెమ్మదిగా మలుపు తిప్పింది. మలుపు మధ్యలో కాలెత్తింది. టక్! బండి తోక విసురుగా తిరిగి, జీపు వచ్చిన దారివైపే ముఖం పెట్టి నిలబడింది. మావయ్యగారి కళ్ళజోడు ఒళ్ళో పడింది.

"మళ్ళీ చూపించనా?"

"వద్దు," అన్నారాయన. కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. ఉక్కు మనిషి కదా, ఇంక విడమరచి చెప్పక్కర్లేకపోయింది. "రెండూ కట్టేశాను. కాబట్టి రెండూ పోయాయి. ఆ కొండమీద జరిగిందిదేనా?"

"ఇదే."

"ఇలా అవుతుందని నీకు ముందే తెలుసా?"

నీరజ అబద్ధం చెప్పలేదు. "తెలుసు మావయ్యగారూ. షెడ్డులోనే తెలుసు."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నావే!" ఆయన గొంతు లేచింది. అంత గట్టిగా అరవడం ఆమె ఎప్పుడూ వినలేదు. "వద్దని ఒక్క ముక్క అనలేకపోయావా?"

"మీరు ప్రేమగా ఇచ్చారు కదా అని..."

"ప్రేమగా విషమిస్తే తాగేస్తావా? నువ్వు కాదంటే తట్టుకోలేనంత పిరికివాణ్ణనుకున్నావా నన్ను? రేపు నీకేమైనా అయితే తారక్‌కి ముఖం ఎలా చూపించాలి నేను?" అని, తల కిటికీవైపు తిప్పుకున్నారు. కళ్ళు తుడుచుకోవడం అద్దంలో కనపడుతూనే ఉంది. నీరజకి ఏడుపొచ్చింది, దాంతోపాటు గుండెమీద బరువేదో దిగినట్టూ అయింది.

ఇంటికొచ్చాక ఆయన వాకిట్లో దిగుతూ, "ఆ స్విచ్చుదే పెట్టించు. నేను నోరెత్తను," అన్నారు. నోరెత్తకుండా ఉండటం ఆయన వల్ల అయ్యే పనేనా? షెడ్డులో స్విచ్చు డాష్‌బోర్డులో ఎక్కడుండాలన్న దానిమీద షనీల్‌తో పూటంతా వాదించారు. కానీ చివర్లో, "నీ చెయ్యి ఎక్కడికి అందుతుందో నువ్వే చెప్పమ్మా," అన్నారు. నీరజ చెప్పింది. అక్కడే పెట్టారు.

ఆ మర్నాడు కొండ మొదట్లోనే దిగి గొలుసులు కట్టింది, బద్ధకించకుండా. గండి దగ్గర నిలిపి స్విచ్చు నొక్కింది. డాష్‌బోర్డులో పసుప్పచ్చ దీపం వెలిగింది. ఒక చక్రం గాల్లోకి లేచినా రెండోది నేల తన్నింది, జీపు ముసలి ఎద్దులా నింపాదిగా అవతలికెక్కింది. మలుపు రాకముందే స్విచ్చు తీసేసింది. దీపం ఆరింది. మలుపులో బండి తోక కాస్త కదిలి, మళ్ళీ దారిలోకి వచ్చింది. వాగు ఎక్కడుందో అక్కడే ఉండిపోయింది.

మునిసామి కిటికీలోంచి జీపు వాకిట్లోకి రావడం చూశాడు. ఆమె లోపలికొచ్చేసరికి కాంతి టీ పెడుతోంది.

"జారిందా?" అన్నాడు.

"లేదు బాబాయ్."

"నిజం చెప్పు."

"నిజమే. వెనక ఇరుసులో ఆ సామాను తీయించేశాను. మావయ్యగారికి మొహమాటం లేకుండా చెప్పేశాను, అది నాకు పనికిరాదని."

"పెద్దాయనకి చెప్పావా?" మునిసామి తల తలగడమీంచి కాస్త లేచింది. "ఏమన్నాడు?"

"ముందే ఎందుకు చెప్పలేదని చెడామడా తిట్టారు. నీకేమైనా అయితే నేనేం కావాలి అని ఏడ్చారు కూడా."

మునిసామి చాలాసేపు కిటికీలోంచి జీపునే చూశాడు, దాని గొలుసుల్ని, వెనక చక్రాల్ని. నీరజ చేతులు వెచ్చజేసుకుని, సంచీ విప్పి, అలవాటుగా అడిగింది.

"నొప్పి ఎంత బాబాయ్?"

ఆయన పెదాలు రెండు అనడానికి సిద్ధమయ్యాయి. ఆగిపోయాయి. దుప్పటి అంచు పట్టుకున్న వేళ్ళు వదులయ్యాయి.

"ఎనిమిదమ్మా," అన్నాడు. "మంచు పడ్డ కాణ్ణుంచీ ఎనిమిదే. చెప్తే ఆ కొండ రోజూ ఎక్కుతావని..."

నీరజకి కోపమొచ్చింది, దుఃఖమొచ్చింది, తిట్టాలని నోరు కూడా తెరిచింది. ఏ మొహం పెట్టుకుని తిడుతుంది? ఫోను తీసి డాక్టరుతో మాట్లాడి, ఆయన చెప్పినంత మేరకు పంపులో మందు పెంచింది. పక్కనే కూర్చుని, మునిసామి దవడ బిగువు సడలేదాకా కదల్లేదు. కాంతి తెచ్చిన టీ చల్లారిపోయింది.

లేచి కోటేసుకుంటూ, "రేపు కూడా వచ్చి చూడాలి బాబాయ్. రేపు మంచు పడుతుందట మరి," అంది.

మునిసామికి అప్పటికే నిద్ర ముంచుకొస్తోంది. ఎన్నాళ్ళకో వచ్చిన నిద్ర.

"పడనీ," అన్నాడు. "నువ్వు రా."