ఇంటర్వెల్‌కి కారు మారాలి

నిర్మాత సూర్యప్రకాశరావు గారి ఆఫీసు గేటు ముందు వందన నిలబడటం అది పదకొండోసారి. మొదటి పదిసార్లూ సారు మీటింగులో ఉన్నారన్నారు. ఈసారి వాళ్ళే ఫోన్ చేసి, కథ వింటాం, పదిన్నరకి రమ్మన్నారు. ఆమె తొమ్మిదింపావుకే వచ్చేసింది.

ఫిల్మ్ నగర్‌లో ఆ వీధి బాగా ఏటవాలుగా ఉంటుంది. ఆటో వాళ్ళు మలుపు దగ్గరే దింపేసి పోతారు. వెంగళరావు నగర్ హాస్టల్ నుంచి రెండు ఆటోలు మారి, ఆ ఎత్తంతా నడిచి ఎక్కేసరికి ఆమెకు ఆయాసం వచ్చింది. చేతిలో నూట పది పేజీల ఫైలు ఉంది. పైన 'కాటా' అని సినిమా పేరు. కింద చిన్న అక్షరాల్లో 'కథ: వందన'.

ఆ చిన్న అక్షరాల కోసమే ఇదంతా. ఆరేళ్ళ నుంచి ఆమె ఒక పెద్ద రచయిత దగ్గర అసిస్టెంటుగా ఉంటోంది. ఆమె రాసిన మాటలు నాలుగు సినిమాల్లో వినపడ్డాయి. ఆమె పేరు ఒక్కదాంట్లోనూ కనపడలేదు. ఈ కథ మాత్రం ఎవరి కోసమూ రాసింది కాదు. వాళ్ళ చిన్నమ్మ పత్తి మిల్లులో కాటా రాసేది. ట్రాక్టరు కాటా మీదికి ఎక్కితే బరువు చూసి చీటీ ఇచ్చేది. ఆ చిన్నమ్మ దగ్గర కూర్చుని విన్నదే ఇప్పుడు ఫైలులో ఉంది.

గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న వాచ్‌మన్ లక్ష్మయ్య ఆమెను చూసి పక్కకి జరిగాడు.

"ఈసారి లోపలికి పిలిచిండ్రంట గద. మంచిది. లోపలికి పోయినంక నా మాట గూడ జర చెవుల ఎయ్యి బిడ్డా."

"ఏం మాట కాకా?"

"నా బిడ్డకు నెలలు నిండినయి. నాల్రోజులు సెలవు కావాలె. నెలసంది అడుగుదామంటె సారు దొరుకుతలేడు. పాత కారయితె స్టార్ట్ జేసిన చప్పుడుకే లేచి గేటు కాడ నిలవడేటోన్ని, ఒక మాట చెప్పుకునేటోన్ని. గీ కొత్త కారుకు చప్పుడే లేదు. పిల్లి లెక్క పక్కకొచ్చి హారన్ కొడ్తది. నేను ఉరికి గేటు తీసేలోపల మెడ తిప్పకుండ పోతడు."

వందన చెప్తానంది. అప్పుడే లోపలి నుంచి పిలుపు వచ్చింది.

పోర్టికోలో రెండు కార్లున్నాయి, ఒకటి తెల్లది, ఒకటి బూడిద రంగుది. రెండూ హైబ్రిడ్లే. పెట్రోలుతో సగం, బ్యాటరీతో సగం నడుస్తాయి. తెల్లకారు సూర్యప్రకాశరావుది. ఆయన ఏడు సినిమాలు తీశాడు. ఆడినవి రెండే, కానీ ఆ రెండింటి గురించీ ఏడు సినిమాలకి సరిపడా మాట్లాడతాడు. బూడిద కారు ఆయన బావమరిది రవిచంద్రది. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. బావ తీసే తర్వాతి సినిమాకి సగం డబ్బు అతనిదే కాబట్టి, కథ ఇద్దరికీ నచ్చాలి. వందనకి ఆ సంగతి ముందే చెప్పారు.

ఇద్దరూ కార్ల చుట్టూ తిరుగుతున్నారు. కొత్త బూట్లు వేసుకున్న ఇద్దరు పిల్లలు ఒకరి కాళ్ళ వంక ఒకరు చూసుకున్నట్టుంది.

"నీ కారులో ఎక్కితే పడవలో ఎక్కినట్టు ఉంటుంది బావా. కడుపులో తిప్పుతుంది," అన్నాడు రవిచంద్ర.

"నీదాంట్లో పీట మీద కూర్చున్నట్టు ఉంటుంది. నడుం పట్టేసింది మొన్న. అంత పోసి కొన్నది పీట కోసమా?"

"వాల్యూ ఫర్ మనీ నాదే. ఎవర్నైనా అడుగు."

"ఎవర్నో ఎందుకు, ఇవాళ తేలిపోతుంది కదా," అంటూ సూర్యప్రకాశరావు వందన వైపు తిరిగాడు. "రా అమ్మాయ్. ఆఫీసులో ఏసీ రొద. కథ కార్లో వింటాం."

కార్లో కథలు చెప్పడం ఆ వీధిలో కొత్తేమీ కాదు. తీరిక లేని నిర్మాతలు షూటింగుకి వెళ్తూ దారిలో కథ వింటారు. వందన సరేనంది. అప్పుడు రవిచంద్ర ల్యాప్‌టాప్ ముందు నిలబడి చెప్పేవాడిలా చేతులు తిప్పుతూ పద్ధతి వివరించాడు.

"సింపుల్ అండీ. ఫస్టాఫ్ బావ కార్లో చెప్తారు. చెక్‌పోస్టు దాకా వెళ్ళి ఇక్కడికే వస్తాం. ఇంటర్వెల్‌కి కారు మారాలి. సెకండాఫ్ నా కార్లో, సేమ్ రూట్. డ్రైవర్ మారితే కుదుపు మారుతుంది కాబట్టి రెండూ హనుమంతే నడుపుతాడు. మీరు ముందు సీట్లో కూర్చుని మా వైపు తిరిగి చెప్పండి. వాయిస్ మాత్రం ఒకే లెవెల్లో ఉండాలి."

"అరవకూడదు," అన్నాడు బావ. "ఎవరి కార్లో మాట స్పష్టంగా వినపడితే వాళ్ళది సైలెంటు కారు. ఆ గిట్ల, గట్ల యాస కూడా కాస్త తగ్గించు. ధ్యాస అటు పోతుంది."

వందనకి అర్థమైంది. తనని పిలిచింది కథ వినడానికి కాదు, వినపడుతుందో లేదో చూడటానికి. పొద్దున్నే హాస్టల్లో ఇస్త్రీ చేసుకున్న చున్నీ వైపు చూసుకుంది. అయినా ఎక్కింది. ఈ ఇద్దరూ ఒక గంట పక్కపక్కన కూర్చునే రోజు మళ్ళీ రాదు. చెవులంటూ ఉన్నాక ఏదో ఒకటి లోపలికి పోకుండా ఉంటుందా అనుకుంది.

తెల్లకారు గేటు దాటింది. వందన మెడ వెనక్కి తిప్పి, సీటు బెల్టు గొంతుకి ఒరుసుకుంటుంటే మొదలుపెట్టింది.

"భూలక్ష్మి అని ఒక అమ్మాయి సార్. పత్తి మిల్లుల కాటా రాస్తది. తెల్లారక ముందు నుంచే ట్రాక్టర్లు వరుసగా..."

"ఇదిగో స్పీడ్ బ్రేకర్. చూడు, చూడు," అన్నాడు సూర్యప్రకాశరావు. కారు మెత్తగా ఎక్కి దిగింది. "తెలిసిందా?"

"తెలిసింది. రెండుసార్లు ఊగింది."

"నువ్వు చెప్పమ్మాయ్, ఆపకు."

ఆమె చెప్పింది. పత్తి తడిసిందని రైతును వెనక్కి పంపే చోట గొంతు తగ్గించింది. ముసలి రైతు అదే పత్తిని రోడ్డు మీద ఆరబోసి, దాని పక్కనే పడుకునే చోట ఆగి ఇద్దరి మొహాలూ చూసింది. వాళ్ళు ముందున్న చిన్న తెర వైపు చూస్తున్నారు. బ్యాటరీ నుంచి చక్రాలకి ఆకుపచ్చ బాణాలు పోతున్నాయి.

"ఇంజను ఆగిపోయింది చూడు. ఇప్పుడు మొత్తం బ్యాటరీయే. పైసా ఖర్చు లేదు."

"కొన్నప్పుడే పెట్టేశావుగా బావా ఆ ఖర్చంతా."

చెక్‌పోస్టు దగ్గర మెట్రో పనులకి రోడ్డు తవ్వి రేకులు పెట్టారు. ఆ గతుకుల్లో భూలక్ష్మి తండ్రి చనిపోయాడు. వెనక సీట్లో ఇద్దరూ ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు. వందన సంతోషించింది. తర్వాత తెలిసింది, అది గుంట కోసమని.

"మెత్తగా దాటింది," అన్నాడు సూర్యప్రకాశరావు తృప్తిగా.

ఆఫీసు దగ్గరికి తిరిగొచ్చేసరికి ఫస్టాఫ్ అయిపోయింది. మిల్లు యజమాని భూలక్ష్మిని తన గదిలోకి పిలిచి తలుపు వేయడం ఇంటర్వెల్. తలుపు పడిందని చెప్పగానే ఇద్దరూ చెరో వైపు తలుపు తీసుకుని దిగిపోయారు. ఒకరు నడుం, ఇంకొకరు మెడ తిప్పి చూసుకున్నారు. లోపల ఏం జరిగిందని ఎవరూ అడగలేదు.

బూడిద కారులో సీట్లు గట్టిగా ఉన్నాయి, ఏసీ మరీ చల్లగా ఉంది. దారి అదే, గుంటలవే, హనుమంతు వీపు కూడా అదే. వందన మెడ మాత్రం నొప్పి పెడుతోంది. అయినా ఆమె సెకండాఫ్ బాగానే చెప్పింది. ఇది చిన్నమ్మ కథ. ఎవరు వింటున్నా వినకపోయినా తప్పు చెప్పడం ఆమెకి చేతకాలేదు.

"ఇక్కడ చూడు బావా. అదే స్పీడ్ బ్రేకర్. ఒకే ఊపు."

"ఒకటే కాని గట్టిగా తగిలింది. వెన్నుపూసకి తెలిసింది."

"నీ వెన్నుపూసకి అరవై ఏళ్ళు. అది కారు తప్పా?"

చెక్‌పోస్టు కనపడే చోటికి క్లైమాక్స్ వచ్చింది. ఆరేళ్ళలో వందన రాసిన వాటిలో అంత బాగా వచ్చినది ఇంకోటి లేదు.

"యజమాని చీటీల కట్ట తెచ్చి ముంగట పెడ్తడు సార్. నలభై ట్రాక్టర్ల బరువు రాయమంటడు. అక్కడ ట్రాక్టర్లు లేవు. ఒక్కటి గూడ కాటా ఎక్కలే. రాస్తే కొలువుంటది, రాయకపోతే పోతది. భూలక్ష్మి పెన్ను అందుకుంటది. బయట ఖాళీ కాటా దిక్కు చూస్తది. చూసి..."

వెనక ఇద్దరి తలలూ ఆకుపచ్చ బాణాల మీదికి వంగి ఉన్నాయి. రవిచంద్ర వేలితో లెక్క చూపిస్తున్నాడు. వందన అక్కడే ఆగింది.

ఎవరూ తల ఎత్తలేదు. ఆమె ముందుకి తిరిగి సరిగా కూర్చుంది. సిగ్నల్ పడింది, లేచింది. కారు మలుపు తిరిగి వెనక్కి బయల్దేరింది. రెండు స్పీడ్ బ్రేకర్లు పోయాయి.

"విన్నావా బావా?" అన్నాడు రవిచంద్ర కళ్ళు మూసుకుని. "ఎంత నిశ్శబ్దమో. గుళ్ళో కూర్చున్నట్టు లేదూ?"

సూర్యప్రకాశరావు ఒప్పుకోలేక మూతి విరిచాడు.

పోర్టికోలో దిగాక తీర్పు చెప్పారు.

"ఫస్టాఫ్ అదిరిందమ్మాయ్," అన్నాడు సూర్యప్రకాశరావు. "సెకండాఫ్ కొంచెం కుదుపు... అదే, కొంచెం లాగింది. అది మార్చుకుందాం."

"నాకు ఆపోజిట్," అన్నాడు రవిచంద్ర. "ఫస్టాఫ్‌లో ఏదో తిప్పినట్టుంది. సెకండాఫ్ స్మూత్. అది టచ్ చేయొద్దు."

"క్లైమాక్సు ఎట్లుంది సార్?" అని అడిగింది వందన.

"గుండె పిండేశావ్," అన్నాడు సూర్యప్రకాశరావు.

"టూ గుడ్," అన్నాడు రవిచంద్ర.

"ఇద్దరికీ నచ్చినట్టే. రేపు వచ్చి అగ్రిమెంటు మీద సంతకం పెట్టు. ఫైలు ఇచ్చి వెళ్ళు. టైటిల్స్‌లో నీ పేరు ఉంటుందిలే, మాట ఇస్తున్నా."

వందన చెయ్యి ఫైలు మీదికి పోయింది. 'కథ: వందన' అన్న అక్షరాలు వేలికి తగులుతున్నాయి. ఇచ్చేస్తే అయిపోతుంది. ఆరేళ్ళు అడిగినది ఒక్క పొద్దులో దొరికింది. ఇవ్వబోయి ఆగింది.

"ఆఖరుకు భూలక్ష్మి ఏం జేసింది సార్?"

"ఏం చేస్తుంది, సంతకం పెట్టి ఉరేసుకుంటుంది. లేడీసు ఏడుస్తారు."

"చావడం ఎందుకు బావా, నెగెటివ్‌గా. ఆ మిల్లు ఆవిడే కొనేస్తుంది. అదేగా మీరు చెప్పింది వందన గారూ?"

"నేను చెప్పలే సార్. చెక్‌పోస్టు కాడనే ఆపేసిన. వచ్చేటప్పుడు దారంతా ఉత్తగనే కూసున్న."

సూర్యప్రకాశరావు మొహం రంగు మారింది. వందన అది సిగ్గేమో అనుకుంది. కాదు.

"అంటే రవీ, నీ కార్లో వినపడలేదన్నమాట. ముందు సీట్లో మాట వెనక్కి రాలేదు. అదీ నీ సైలెన్సు."

"ఆవిడ చెప్పలేదంటోంది బావా."

"చెప్పి ఉంటుంది. నీ ఏసీ రొదలో కలిసిపోయింది."

"నీ ఇంజను రొద ఇంకా నీ చెవుల్లో ఉంది, అందుకే. హనుమంతూ, నువ్వు చెప్పు. ఏ కారు నయం?"

"రెండు మంచిగనే ఉన్నయి సార్," అన్నాడు హనుమంతు, కొలువు కాపాడుకునే మనిషిలా.

బావ, బావమరిది మళ్ళీ ఒకరి మీద ఒకరు పడ్డారు. వందన హనుమంతు పక్కకి వెళ్ళి మెల్లగా అడిగింది. "అన్నా, కథ నీకు వినపడ్డదా?"

"లేదక్కా. తప్పుగ అనుకోకు. ఇద్దరు సార్లు ఎనక కూసుని కుదుపు లెక్కవెడ్తుంటె నా పాణమంత గుంటల మీదనే ఉండె. కథ వింటె బంపర్ పోయేది."

ఆ పొద్దంతా ఆమె కథ గురించి ఒక మనిషి నిజం చెప్పడం అదే మొదటిసారి.

"సరే, ఇంకో రౌండు వేద్దాం," అంటున్నాడు సూర్యప్రకాశరావు. "ఈసారి రెండు కార్లలోనూ క్లైమాక్సే. ఎక్కు అమ్మాయ్."

వందన ఫైలు సంచిలో పెట్టుకుంది. "నేను పోతున్న సార్. కథ ఇయ్యను."

"ఏంటి?"

"మీరు విననేలే. విననిదానికి మంచిగుందని అగ్రిమెంటు రాస్తమంటున్నరు. కాటా ఎక్కని ట్రాక్టర్లకు బరువు రాసినట్టే ఉన్నది."

ఆ మాట వాళ్ళకి అర్థం కాలేదు. అర్థం కావాలంటే కథ విని ఉండాలి. సూర్యప్రకాశరావు ఆమెను కింది నుంచి పైకి చూశాడు.

"ఫిల్మ్ నగర్‌లో కథలకి కరువనుకున్నావా? నీలాంటి వాళ్ళు రోజుకి పదిమంది వచ్చి నిలబడతారు నా గేటు దగ్గర."

"తెలుసు సార్. నేనే పదకొండుసార్లు నిలవడ్డ." తర్వాత, మర్చిపోకముందే, "లక్ష్మయ్య కాకా మీతో ఏదో మాట్లాడాలంట. జర వినండ్రి," అంది.

సూర్యప్రకాశరావు గేటు వైపు చూశాడు. ఆయనకి ఏదో తట్టినట్టుంది. "బాగా గుర్తుచేశావ్. లక్ష్మయ్యా, ఇలా రా. ముందు సీట్లో కూర్చో."

లక్ష్మయ్య బిత్తరపోయి చెప్పులు విప్పబోయాడు. "నేనా సార్?"

"నువ్వే. వెనక్కి తిరిగి మాట్లాడుతూ ఉండు. నీ ఇష్టం, ఏదైనా సరే. ఆపకు."

వందన గేటు దాటి ఏటవాలు దిగడం మొదలుపెట్టింది. చేతికి వచ్చింది వదిలేసి పోతున్నానని తెలుసు. మంగళవారం ఇంకో ఆఫీసులో అడగాలి, వాళ్ళు కూడా పదిసార్లు తిప్పుకుంటారు. సంచి భుజం మీద బరువుగానే ఉంది. ఆ బరువు ఆమెకి నచ్చింది.

సగం దూరం దిగేసరికి మోచేతి పక్క నుంచి ఏదో గాలి కొట్టినట్టయి గోడవైపు గెంతింది. చప్పుడు లేకుండా తెల్లకారు ఆమెను దాటుకుపోయింది. ముందు సీట్లో లక్ష్మయ్య చెప్పులు ఒళ్ళో పెట్టుకుని, మెడంతా వెనక్కి తిప్పి, రెండు చేతులూ జోడించి చెప్తున్నాడు. నెలంతా దాచుకున్న మాట కాబట్టి పెదాలు ఆగకుండా ఆడుతున్నాయి. వెనక సీట్లో ఇద్దరూ తలలు వంచి ఆకుపచ్చ బాణాలు చూస్తున్నారు.