బొమ్మ అడుగున పేరు

బట్టీలోంచి తీసిన పింగాణీ బొమ్మను తిరగేసి చూసింది డెబోరా: అడుగున ఎర్రటి అక్షరాలతో ఆమె పేరే రాసి ఉంది!

రెండోది తిరగేసింది. మూడోది. చెరకు మోపు నెత్తికెత్తుకున్న ఆడమనిషి బొమ్మలన్నిటికీ అడుగున ‘డెబోరా, చోడవరం’. బట్టీలో కాలి గట్టిపడిన రంగు. గీకినా పోయేది కాదు.

కొంప మునిగింది. అడుగు ఖాళీగా ఉండాలన్నది విశాఖలో షాపు నడిపే గౌరీశంకర్ షరతు. అక్కడ తన షాపు చీటీ అంటించుకుంటాడు. ఈ సరుకు వద్దన్నాడంటే, ఉన్న ఒక్క బేరమూ పోతుంది. అదిగో, వీధిలో అతని వ్యాన్ హారన్.

ఎవరి పని ఇది? అక్షరాలను వెలుతురుకి పట్టి చూసింది. ప్రతి గీత చివరా కుంచె సన్నగా వణికింది. డెబోరా చప్పున బట్టీ వైపు చూసింది. మామ దేవకుమార్ తల ఎత్తకుండా బట్టీ తలుపు తుడుస్తున్నాడు. పింగాణీ ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి బొమ్మలకి కళ్లు దిద్దిన చెయ్యి అది. వణుకొచ్చాక కుంచె కోడలికిచ్చి, బట్టీ పని పట్టాడు.

“ఇదేటిది?” లోపలికొచ్చిన గౌరీశంకర్ బొమ్మను తిప్పి చూసి అరిచాడు. “నా షాపులో నీ పేరేటమ్మా? ఎవలు రాసేరు?”

“నేనే రాసేనండి,” అంది డెబోరా. “చీర మడతలు నేనేసేను. కంట్లో మెరుపు నేను పెట్టేను. పేరుతో తీసుకెళ్తే తీసుకెళ్లండి, లేదంటే వదిలీయండి.”

“అబ్బో! రేపు నీ ఫొటో కూడా అంటించమంటావేటి?”

వెటకారమాడాడే గానీ బొమ్మను కింద పెట్టలేకపోయాడు. దాని నుదుటి మీద మెరిసే చెమట చుక్కను కాసేపు చూసి, గడ్డి పరిచిన పెట్టెలో పడుకోబెట్టాడు.

“సరే, అన్నీ సర్దు. నా చీటీ పెట్టె మీద అంటించుకుంటాన్లే.”

అప్పుడు లేచాడు దేవకుమార్.

“బాబూ, మా కోడలు గుంట అబద్ధమాడింది. ఆ పేరు రాసింది నేను. ఫేక్టరీలో మాకు పేర్లు నేవు, నంబర్లే. ఒకపాలి పెద్ద హోటల్లో, అద్దాల బీరువాలో నా బొమ్మ కనపడింది. ఇది నేను దిద్దిందే అన్నాను. అందరూ నవ్వేరు. తిరగేసి సూపిద్దునా, అడుగు బోడి! నా కోడలికి ఆ గతి పట్టకూడదని, బట్టీలో పెట్టే ముందు ఒక్కోటీ తిరగేసి రాసేను. సెయ్యి వణికింది గానీ నేను బెదరనేదు. తప్పంటే తప్పే. రేపూ రాస్తాను.”