స్కాప్తీకి నీళ్లు పడవు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తొమ్మిదేళ్లకి, ఉత్తరాన ఉన్న ఒక సరస్సుకి మా తమ్ముడు స్కాప్తీ పేరు పెడుతున్నామని ప్రభుత్వం నుంచి జాబు వచ్చింది. పోయిన సైనికుల పేర్లు సరస్సులకి పెట్టడం కెనడాలో మా మానిటోబా రాష్ట్రంలో మామూలే. అమ్మ మాత్రం జాబుని రెండుసార్లు చదివి పిండి డబ్బా కింద పెట్టేసింది.

"వాడికి నీళ్లు పడవని వీళ్లకి తెలీదా?" అంది.

నిజమే. మా ఊరు గిమ్లీలో తాతల నాటి నుంచీ మాది చేపలు పట్టే ఇల్లు. స్కాప్తీ ఒడ్డున కట్టేసిన పడవలో కూర్చున్నా వాంతి చేసుకునేవాడు. చేపలు శుభ్రం చేయమంటే ముక్కుకి బట్టల క్లిప్పు పెట్టుకుని వచ్చేవాడు.

"నువ్వు నా రక్తమేనట్రా?" అనేవాడు నాన్న.

"అమ్మనడుగు," అనేవాడు వాడు, క్లిప్పు తీయకుండానే.

పంతొమ్మిదేళ్లకి సైన్యంలో చేరాడు. దేశభక్తి అని చర్చిలో మెచ్చుకున్నారు. నాతో మాత్రం, అక్కడ రోజూ గొడ్డుమాంసం పెడతారట అన్నాడు. ఓడలో దారి పొడుగునా వాంతులేనని మొదటి ఉత్తరం. ఇంగ్లండులో రోజూ చేపలేనని రెండోది. హాలండు నుంచి మూడోది: "అమ్మా, ఇక్కడ పొలాల్లో కూడా మోకాలిలోతు నీళ్లే. ఈ దేశాన్ని పిండి ఆరేయాలి."

ఆ తర్వాత తంతి వచ్చింది. తడిసిన మేజోళ్లు ఆరేద్దామని గట్టెక్కాడట, అప్పుడు తగిలింది తూటా. వాడి స్నేహితుడు రాశాడు. వాడికప్పుడు ఇరవై ఒకటి.

అందుకే అమ్మ పంతం. "పొడిగా ఉందామనుకుని పోయాడు నా కొడుకు. మళ్లీ తీసుకెళ్లి నీళ్లలో వేస్తారా?" సరస్సు వద్దు, కొండ ఇవ్వండని రాసింది. కొండలు తక్కువండీ, చూసొచ్చి వద్దంటే మానేస్తామని జవాబొచ్చింది.

అలా నీళ్ల మీద వాలే చిన్న విమానంలో ముగ్గురం బయల్దేరాం. అమ్మ ఒళ్లో ఏడు పొరల ఎండు ప్లమ్ పళ్ల కేకు. విమానం రెండుసార్లు ఊగేసరికి నాన్న తన టోపీలోనే వాంతి చేసుకున్నాడు.

"ఎవరి రక్తమో ఇప్పుడు తెలిసిందా?" అంది అమ్మ.

సరస్సు చిన్నది. ఒడ్డున ఒక పెద్ద బండ. దిగేటప్పుడు అమ్మ కాలు జారి మోకాళ్లదాకా తడిసింది.

"చూశావా, ముందే చెప్పాను," అంది నాతో, సరస్సుని నేనే తవ్వించినట్టు.

నాన్న మూతి తుడుచుకుంటూ అలవాటు కొద్దీ పైలట్ వెండెల్‌ని అడిగాడు. "ఇందులో ఏం చేపలుంటాయి?"

వెండెల్ మొహమాటపడ్డాడు. "ఒక్కటీ లేదండీ. లోతు లేదు కదా, చలికాలం అడుగుదాకా గడ్డకడుతుంది."

అమ్మ తల తిప్పింది. "ఒక్కటి కూడానా?"

"చిన్న చేపపిల్ల కూడా లేదండీ."

"దరిద్రపు సరస్సు," అన్నాడు నాన్న.

అమ్మ బండెక్కి కూర్చుని కేకు కోసింది.

"సరే, వాడి పేరే పెట్టమను," అంది.

తన తడి మేజోళ్లు విప్పి, పిండి, ఎండ పడే చోట పక్కపక్కనే పరిచింది. వాతావరణం మారుతోంది, వెళదామని వెండెల్ రెండుసార్లు అన్నాడు. అమ్మ అతనికి ఇంకో ముక్క పెట్టింది. మేజోళ్లు ఆరేదాకా మేం కదల్లేదు.